నాలుగు స్వరాల రాగం: బాలమురళీకృష్ణ ‘మహతి’ – ఒక పరిశీలన

రాగానికి కనీసం 5 స్వరాలుండాలన్నది కర్ణాటక సంగీతంలో సాధారణంగా అంగీకరించిన నియమం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) కల్పించిన ‘మహతి’ ఈ నియమాన్ని అతిక్రమించింది. ఇందులో షడ్జమం, అంతర గాంధారం, పంచమం, కైశికి నిషాదం మాత్రమే ఉన్నాయి.

రిషభ, మధ్యమ, ధైవతాలను వర్జించడం వల్ల జనక–జన్య సంబంధమే ప్రశ్నార్థకమవుతుంది. అంతర గాంధారంతో 3 రిషభాలు, కైశికి నిషాదంతో 2 ధైవతాలు పొసగుతాయి, మధ్యమాలు 2. ఆ లెక్కన మహతి స్వరాలు 12 మేళకర్తలలో లభిస్తాయి. కేవలం స్వరాలను బట్టి దీనిని ఏ ఒక్క మేళానికీ జన్యమని నిర్ణయించలేం. 72 మేళకర్తలలోనూ కృతులు రచించిన వాగ్గేయకారుడే ఆ వర్గీకరణకు లొంగని రాగాన్ని కల్పించడం గమనార్హం.

బాలమురళీకృష్ణ నూతన రాగకల్పనను వైణికులు ఎస్. బాలచందర్ 1980వ దశకంలో తీవ్రంగా ఖండించారు. స్వరాలను ఏరి పేర్చినంత మాత్రాన రాగం కాదన్నది నిజమే. గమకం, న్యాసం, సంచారం దానికి స్వరూపాన్నిస్తాయి. అయితే ‘అపూర్వ రాగంగళ్’ (1975) తమిళ చిత్రంలో ఎం.ఎస్. విశ్వనాథన్ ఒక గీతాన్ని మహతిలో కూర్చారు. కల్పించినవారి గళాన్ని దాటి మరొక స్వరకర్త చేతిలోనూ రూపం నిలుపుకోవడమే రాగత్వానికి స్వరసంఖ్య కన్న బలమైన ప్రమాణం.