ఒక్క చెంబు.. పది పనులు

హోసూరు కానివ్వండి, బళ్లారి కానివ్వండి, బరంపురం కానివ్వండి.. పాత తెలుగిళ్లలో అటక మీద చెయ్యి పెడితే తగిలేది ఇత్తడి చెంబే. నల్లబడి, సొట్టలు పడి, నాలుగైదు వరుసగా బోర్లించి ఉంటాయి. వీధిలో పాత సామాన్లవాడి కేక వినపడగానే వాటిని తూకానికి వేసేయడం, ఆ డబ్బుతో ప్లాస్టిక్ మగ్గులు, జగ్గులు, నీళ్ల సీసాలు కొనుక్కోవడం ఇంటింటా చూస్తున్నదే. తక్కెడలో పెట్టేముందు ఒక్క క్షణం ఆ చెంబును చేత్తో పట్టుకుని చూడొచ్చు. దాని గురించి సర్కారుకు రాసిచ్చిన నివేదికలోనే ప్రత్యేకంగా చెప్పుకొన్నారు మరి!

చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అమెరికా దంపతులు. కుర్చీలు రూపొందించడంలో ప్రపంచమంతా పేరున్నవాళ్లు. మన చిన్న పరిశ్రమల సరుకు నాణ్యత దిగజారకుండా ఏం చేయాలో చెప్పమని భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి, ఊళ్లు తిరిగి, 1958 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చారు. దాని ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌కూ 2015లో అలాంటి సంస్థ వచ్చింది. ఇన్ని ఊళ్లు తిరిగినా వాళ్ల మనసు దోచింది ఏ రాజుగారి సింహాసనమో కాదు, లోటా. అంటే మన చెంబు.

ఇలాంటి పాత్రను ఇప్పుడు కొత్తగా చేయాలంటే ఏమేం ఆలోచించాలి? అని వాళ్లు పెద్ద చిట్టాయే రాశారు. ఎన్ని నీళ్లు పట్టాలి? పట్టుకునే చెయ్యి ఎంతది, ఆడవాళ్లదా, మగవాళ్లదా? తలమీద మోస్తారా, చంకన పెట్టుకుంటారా? ఖాళీగా ఉన్నప్పుడు, నిండినప్పుడు, వంచినప్పుడు బరువు ఎటు ఒరుగుతుంది? లోపల కడగడం తేలికేనా? వేడిది పోస్తే పట్టుకోగలమా? పాడైపోతే లోహానికి ఎంత వస్తుంది? ఎండలో ఎలా కనిపిస్తుంది? ఎవరికైనా ఇస్తే ఎలా ఉంటుంది? ఇన్నిటికి జవాబు ఒక్క మనిషి కూర్చుని చెప్పగలిగేది కాదని, తరతరాలుగా ఎందరో కలిసి తేల్చిన రూపమని వాళ్ల అభిప్రాయం.

మెడలోనే ఉంది కిటుకు

చెంబులో సోకు కోసం పెట్టినట్టు కనిపించేదేదీ ఊరికే లేదు. మెడ సన్నం కాబట్టి బావిలోకి వదిలేటప్పుడు చేంతాడు జారదు, నడుస్తుంటే నీళ్లు తొణకవు. అంచు బయటికి వాలింది కాబట్టి వేళ్లకు పట్టు దొరుకుతుంది, ధార తిన్నగా పడుతుంది. పొట్ట గుండ్రం కాబట్టి పాచి దాక్కోవడానికి మూలలు లేవు. పిడి అసలే లేదు. ప్లాస్టిక్ మగ్గులో ముందు విరిగేది ఆ పిడే కదా! సీసా సంగతి సరేసరి. మూతి సన్నం, చెయ్యి పట్టదు. దాన్ని కడగడానికో బ్రష్షు, ఆ బ్రష్షు తగిలించడానికో కొక్కెం.

గడప దగ్గర కాళ్లకు నీళ్లిచ్చేది చెంబుతోనే. స్నానానికీ అదే, పాలు తేవడానికీ అదే. వ్రతం రోజు మామిడాకులు పెట్టి కొబ్బరికాయ నిలిపితే కలశం. ఇస్త్రీపెట్టె లేని ఇళ్లలో నిప్పులు పోసి, గుడ్డతో అంచు పట్టుకుని చొక్కా మీద రుద్దిందీ చెంబునే. రైలు ప్రయాణంలో నీళ్లు ఒలికిపోతాయని మూతకు మర పెట్టారు, మరచెంబు అయింది. అవసరం ఒకటి పెరిగితే భాగమూ ఒకటే పెరిగింది.

హద్దులు దాటిన పేరు

పేరు కూడా సరిహద్దు ఆగలేదు. కన్నడిగులకు చొంబు, తమిళులకు సొంబు. తమిళంలో సెంబు అంటే రాగి లోహం కూడా. మన చెంగలువలోని 'చెం' లాగే అక్కడా ఎరుపు అన్నమాట. మరాఠీలో తాంబ్యా, అదీ రాగి నుంచి వచ్చిన పేరే. ఒడిశాలో లోటా. 2024 లోక్‌సభ ఎన్నికల్లో కర్ణాటకలో ఒక పార్టీ ఖాళీ చొంబు బొమ్మతో ప్రకటనలిస్తే, అది ఖాళీ కాదు అక్షయపాత్ర అని ఎదుటిపక్షం అందుకుంది. చెప్పబోతే ఎవరికీ వివరించాల్సిన పని లేకపోయింది.

చేసే ఊళ్లూ దగ్గరివే. పర్లాకిమిడి వాళ్లకు శ్రీకాకుళం జిల్లా బుడితి కూతవేటు దూరం. యానాం వైపు వాళ్లకు గోదావరి ప్రాంతంలోని అజ్జరం తెలియనిది కాదు. మహారాష్ట్రలో భండారాకు ఇత్తడి ఊరనే పేరు.

తోమేదెవరు?

చెంబును పొగిడేవాళ్లు ఒక్క సంగతి మరిచిపోతుంటారు. అది తళతళలాడాలంటే చింతపండు, బూడిద, కొబ్బరిపీచు పట్టుకుని రోజూ ఎవరో తోమాలి. ఆ ఎవరో ఇంటి ఆడవాళ్లే. పెద్ద బిందెలు మోయడం, కళాయి పూసేవాడి కోసం ఎదురుచూడటం అదనం. ఇత్తడి వదిలి స్టీలుకు మారారంటే దాన్ని ఫ్యాషన్ మోజని కొట్టిపారేయడం న్యాయం కాదు. చూడాల్సిందేమంటే, లోహం మారినా ఆకారం మారలేదు. స్టీలు చెంబుకూ అదే మెడ, అదే అంచు. ఓడింది ఇత్తడే గానీ చెంబు కాదు.

దుకాణంలో కొత్త వస్తువు ముందు నిలబడ్డప్పుడు ఈమ్స్ దంపతుల చిట్టాలోంచి రెండు మూడు ప్రశ్నలు చాలు. కడగడం ఎలా? ముందు విరిగేదేది, విరిగితే బాగుచేసేవాళ్లు ఊళ్లో ఉన్నారా? ఇంట్లో ఉన్నదే ఈ పని చేయడం లేదా? ఉల్లిపాయలు తరగడానికి అయిదు బ్లేళ్ల డబ్బా కొని, వారం తిరక్కుండా దాన్ని అటకెక్కించి మళ్లీ కత్తిపీట ముందు కూర్చున్న ఇళ్లు తక్కువేం లేవు.

అటక మీది చెంబును దించితే ముందు లోపల చూసుకోవాలి. కళాయి పోయిన ఇత్తడి పాత్రలో గానీ, రాగి చెంబులో గానీ మజ్జిగ, చారు, నిమ్మరసం ఉంచకూడదు. పులుపుకు లోహం కరిగి చిలుము పడుతుంది, కడుపులో తిప్పుతుంది. పూజకు, మొక్కలకు, స్నానానికి భయం లేదు. మరచెంబు దొరికితే మూత తిరుగుతోందో లేదో చూడండి. బిగుసుకుపోయి ఉంటే మర దగ్గర రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి రాత్రంతా వదిలేస్తే చాలా వరకు వచ్చేస్తుంది.