వృద్ధులకు చేతికర్ర కండి, పల్లకి కాకండి

ఆయుర్వేదానికి అంగాలు ఎనిమిది. వాటిలో జరాచికిత్స ఒకటి. ఆకలి, దప్పిక, నిద్ర మొదలైన స్వభావసిద్ధమైన వాటి సరసనే సుశ్రుతుడు ముదిమిని కూడా చేర్చాడు. కనుక ముసలితనం ఎవరి తప్పూ కాదు, సిగ్గుపడవలసినదీ కాదు. అయితే ఆ వయసులో శరీరమందు వాతం ప్రబలుతుంది. చర్మం ఎండిపోవడం, కీళ్ళు పట్టివేయడం, మలబద్ధం, నిద్ర చెదిరిపోవడం, కారణం తెలియని దిగులు, ఇవన్నీ దాని లక్షణాలే. వాతాన్ని పెంచే కారణాలను శాస్త్రం వరుసగా చెప్పింది: శోకం, భయం, చింత, ఉపవాసం, రాత్రి జాగరణ. ఒంటరిగా బ్రతికే వృద్ధుల ఇంట ఈ ఐదూ ఒకే చూరు క్రింద కాపురం చేస్తూ ఉంటాయి.

నేను గురువుగారి ఇంట ఉండి వైద్యం నేర్చుకున్న రోజులలో, వృద్ధులను చూడబోయినప్పుడు ఆయన నాడి పట్టుకోవడానికి ముందు వంటింటి వైపు చూసేవారు. పొయ్యి వేడిగా ఉన్నదా, చల్లారి ఉన్నదా అని. ఆ అలవాటు నాకూ పట్టుబడింది. కొల్లేటి లంక గ్రామాలకు వెళ్ళినా, ఏలూరు పేటలో రోగిని చూడబోయినా నా చూపు ముందు అక్కడికే పోతుంది.

కొల్లేటి ప్రాంతంలో ఈ విషయానికి ఒక ప్రత్యేకత ఉన్నది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు వచ్చి కలుస్తాయి. నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వాన ముదిరితే లంకల చుట్టూ నీరే. పాఠశాల చదువు అయిన పిల్లలు పైచదువులకని భీమవరమో విజయవాడో వెళతారు, తరువాత ఉద్యోగానికి హైదరాబాదు వెళతారు, మరికొందరు అమెరికా చేరుతారు. తల్లిదండ్రులు మాత్రం ఊరు విడువరు. చేపల చెరువు కౌలు డబ్బో, పిల్లలు పంపే డబ్బో ఉంటుంది. కడుపు నిండకపోవడానికి డబ్బు లేకపోవడం కారణం కాదు. "ఒక్క ప్రాణానికి పొయ్యి వెలిగించాలా బాబూ" అన్న నిర్లిప్తతే కారణం.

2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ ఆరంభమైంది. పల్లెలలో సుమారు 50 ఇళ్ళకు ఒక వాలంటీరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. 2020 ఫిబ్రవరి నుండి వృద్ధాప్య పింఛను ఇంటి ముంగిటికే తెచ్చి ఇవ్వసాగారు. ఈ వ్యవస్థ చుట్టూ రాజకీయ వాదాలు చాలా నడిచాయి. వాటితో వైద్యునికి పని లేదు. వైద్యునిగా నేను చూసింది మరొకటి. ఒకటో తారీఖు తెల్లవారకుండానే "మామ్మా, పింఛను" అని తలుపు తట్టే పిల్ల కోసం ఆ ముసలమ్మ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, అరుగు మీద కూర్చొనేది. నెలకు ఒక్క రోజైనా ఎవరో తన పేరు పెట్టి పిలుస్తారన్న ఎదురుచూపు అది. ఆ వచ్చిన పిల్ల కాలి వాపు చూసి "డాక్టరుకు చూపించుకున్నావా" అని అడిగేది. ఈ ప్రశ్న ఆమె విధులలో లేదు.

2024 మార్చి 30న, ఎన్నికల సమయమని, పింఛన్ల పంపిణీకి వాలంటీర్లను దూరంగా ఉంచవలెనని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్‌లో నడవగలిగిన వృద్ధులు సచివాలయాలకు వెళ్ళవలసి వచ్చింది. మే నెలలో చాలామందికి డబ్బు బ్యాంకు ఖాతాలలో పడింది. అసలే ఎండలు ముదిరే కాలం. క్యూలలో సొమ్మసిల్లినవారి గురించి, మరణాల గురించి పత్రికలు వ్రాశాయి. అదే సంవత్సరం జూలై 1 నుండి పింఛను 4,000 రూపాయలై, సచివాలయ సిబ్బంది చేతుల మీదుగా తిరిగి ఇంటికే రాసాగింది. ఇది మేలే. వాలంటీర్లు మాత్రం కొనసాగలేదు. డబ్బు ఆగలేదు, కాలి వాపు చూసే కన్ను ఆగిపోయింది. సిబ్బందిని నిందించలేము, వారికి ఎన్నో ఇళ్ళు, ఎన్నో పనులు. ఆ కన్ను ప్రభుత్వమే పెట్టాలని ఎదురుచూడకుండా వాడలోని నలుగురే పెట్టుకోవచ్చునన్నది నా మనవి.

ఇది గాలిలో మేడ కాదు. ఉత్తర కేరళలో మలప్పురం, కోళికోడ్ ప్రాంతాలలో సుమారు పాతికేళ్ళ క్రితమే ఇరుగుపొరుగువారు కూడి, మంచాన పడిన రోగులను వారానికి కొన్ని గంటలు చూసుకొనే పద్ధతి ఏర్పరచుకున్నారు. వారికి కొంత శిక్షణ ఉంటుంది, వైద్యుడు, నర్సు వెనుక నిలుస్తారు. జపానులో 1917లో ఒకాయమాలో మొదలైన సంప్రదాయం నేటికీ నడుస్తున్నది. రెండు లక్షలకు పైబడిన వాడ పెద్దలు జీతం లేకుండా, ఒంటరి వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి యోగక్షేమాలు కనుక్కుంటారు. ఒంటరితనం వలన ఏటా 8,71,000 మరణాలు సంభవిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో అంచనా వేసింది. శోకమూ చింతా వాతాన్ని పెంచుతాయన్న మాట వారికి వేరే భాషలో, లెక్కలతో అందింది.

ఇక సహాయం ఎలా చేయాలి? ఇక్కడే చాలామంది సహృదయులు దారి తప్పుతారు. తాడేపల్లిగూడెంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు నాకు తెలుసు. భార్య పోయిన తరువాత వీధిలోని కుర్రవాళ్ళు ఆయనను దేవుడిలా చూసుకున్నారు. పాలు తెచ్చారు, కూరలు తెచ్చారు, మందులు తెచ్చారు, చివరకు పత్రిక కూడా మంచం దగ్గరకే తెచ్చారు. ఆరు నెలలు గడిచేసరికి ఆయనకు కుర్చీలో నుండి లేవడానికి మరొకరి చేయి కావలసి వచ్చింది. రోగమేమీ లేదు, కాళ్ళకు పని లేదు, అంతే. నేను ఆ కుర్రవాళ్ళను పిలిచి చెప్పినది ఒక్కటే: "కూరలు తేకండి. మాస్టారిని తీసుకుని కూరల బజారుకు వెళ్ళండి." మొదట వీధి చివరి వరకు, తరువాత రావిచెట్టు వరకు, అటు తరువాత బజారు వరకు. బేరమాడే పని మాస్టారిదే. ఇప్పుడు కుర్రవాళ్ళే ఆయన దగ్గర లెక్కలు చెప్పించుకుంటున్నారు.

వృద్ధులకు వ్యాయామం వద్దని వాగ్భటుడు చెప్పలేదా అని శాస్త్రం తెలిసినవారు అడగవచ్చు. చెప్పాడు. అది మల్లులు చేసే సాము వంటిదని, ఇంటి పనికి, తిన్నని నడకకు వర్తించదని నేను గ్రహించిన అర్థం. నుదుట చెమట పట్టి, నోటితో శ్వాస తీసుకొనే వరకు పోకుండా ముందే ఆగితే చాలును. గుండె జబ్బు, తల తిరుగుడు ఉన్నవారు మాత్రం తమ వైద్యుని అడిగి నడవాలి.

తిండి విషయం ఇంతకంటె ముఖ్యం. కైకలూరు వైపు ఒక లంకలో ఒక మామ్మగారు నీరసమని బలానికి లేహ్యం అడిగారు. పొయ్యి చూస్తే చల్లగా ఉన్నది. పొద్దున వండినది మధ్యాహ్నం కొంత, రాత్రి ఉంటే కొంత, లేకుంటే మంచినీళ్ళు. రెండిళ్ళ అవతల మరొక మామ్మగారిదీ అదే కథ. నేను లేహ్యం ఇవ్వలేదు. ఉదయం ఒకరి పొయ్యి, సాయంత్రం మరొకరి పొయ్యి, తినేటప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా, అని చెప్పి వచ్చాను. రెండు నెలల తరువాత చూస్తే ఇద్దరి ముఖాలలో కళ వచ్చింది. ఉప్పు ఎక్కువైందని ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేయడం కూడా మొదలైంది. అదీ ఆరోగ్య చిహ్నమే! పళ్ళు లేనివారికి సాయంత్రం వేడి రాగి జావ, మెత్తగా ఉడికించిన పెసరపప్పు అన్నం, కొద్దిగా నెయ్యి మంచివి. మాంసాహారులైతే ముళ్ళు తీసిన కొర్రమీను పులుసు ఈ ప్రాంతంలో తరతరాలుగా కోలుకొనేవారి పథ్యం. పులుసును మరునాటికి నిలువ ఉంచి తినవద్దు. రాత్రి లేవవలసి వస్తుందని చాలామంది వృద్ధులు నీళ్ళు త్రాగరు. పగటిపూట గంట గంటకూ కొద్దికొద్దిగా త్రాగి, చీకటి పడిన తరువాత తగ్గించమని చెప్పాలి. శొంఠి వేసిన పలుచని మజ్జిగ మధ్యాహ్నం ఇవ్వవచ్చు. నీరు తగ్గించమని వైద్యుడు చెప్పినవారికి ఈ సలహా వర్తించదు.

వారానికి రెండుసార్లు నువ్వులనూనె గోరువెచ్చగా కాచి మోకాళ్ళకు, పాదాలకు, నడుముకు మర్దన చేసుకోవడం వాతానికి ఉత్తమం. తమ చేతులతో తామే చేసుకోవాలి, అందని చోటనే ఇతరుల సహాయం. మర్దన అయిన వెంటనే నడవరాదు. అరికాళ్ళు పొడిగుడ్డతో తుడిచిన తరువాతే లేవాలి. నున్నని గచ్చు మీద నూనె కాలితో జారిపడి తుంటి విరిగితే ఏ తైలమూ ఆదుకోదు.

పింఛను యంత్రంలో వేలిముద్ర పడకపోవడం కూడా ముదిమి రూక్షత్వమే. ముందు రోజు రాత్రి అరచేతులకు, వేళ్ళ కొసలకు నూనె పట్టించి పడుకుని, ఉదయం గోరువెచ్చని నీటితో కడిగి పూర్తిగా తుడుచుకుంటే చాలామందికి ముద్ర పడుతుంది.

సహాయానికి వెళ్ళేవారికి కొన్ని కట్టుబాట్లు అవసరం. ఇద్దరుగా వెళ్ళండి. బ్యాంకు పుస్తకం, నగలు, కాగితాల మీద వేలిముద్రలు, వీటిని ముట్టవద్దు. రక్తపోటు, మధుమేహం మాత్రలు వేళకు వేసుకున్నారా అని అడగండి. మానమని గాని, మా ఇంట్లోవి వేసుకోమని గాని చెప్పవద్దు, ఆయుర్వేద మందులైనా సరే. మాట తడబడడం, మూతి ఒక ప్రక్కకు పోవడం, చేయి పడిపోవడం కనిపిస్తే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక 108కు ఫోను చేయండి. ఇంట్లోవారి వేధింపు ఉన్నదని తోస్తే వృద్ధుల సహాయవాణి 14567 ఉన్నది. ఇంకొకటి: ఏదైనా పని వారిని అడగండి. దీపపు వత్తులు చేసి పెట్టమనండి, గోంగూర వలిచి ఇమ్మనండి, పిల్లవానికి ఎక్కాలు అప్పజెప్పించుకోమనండి. ఎప్పుడూ తీసుకొనే చేయి కృంగిపోతుంది.

ఇందువలన సహాయం చేసేవారికేమి లాభం? చరకుడు ఆచార రసాయనమని ఒకటి చెప్పాడు. మూలికలు లేకుండా నడవడి చేతనే రసాయన ఫలం పొందే మార్గం అది. సత్యం పలకడం, కోపం విడువడం వంటి వాటితో పాటు వృద్ధులను సేవించడం కూడా అందులో ఉన్నది. పిల్లలను వెంట తీసుకుపోవడం మంచిదని నేను చెప్పడానికి కారణం ఇదే.

ఈ పని లంక గ్రామాలలో వానకాలానికి ముందే మొదలుపెట్టాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు చివరకు కొల్లేటికే చేరింది. లంకల దారులు మునిగి పడవలే గతి అయ్యాయి. కనుక జ్యేష్ఠమాసంలోనే వాడలో ఒంటరిగా ఉన్న వృద్ధుల పేర్లు, వారు వాడే మందులు, పిల్లల ఫోను నంబర్లు ఒక కాగితం మీద వ్రాసి, ఒక ప్రతి ఆశా కార్యకర్త వద్ద, ఒక ప్రతి పడవ నడిపేవారి వద్ద ఉంచండి. పదిహేను రోజుల మాత్రలు, కళ్ళజోడు, ఆధార్ కార్డు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి చూరుకు వ్రేలాడదీయించండి. మూట ఎక్కడ ఉన్నదో మామ్మగారి చేతనే చెప్పించుకోండి.