గార్డ్‌నరీ కిల్లి చేప

గార్డ్‌నరీ కిల్లి చేప (ఫండులోపాంచాక్స్ గార్డ్‌నరీ) పశ్చిమ ఆఫ్రికాలోని నైజీరియా, కామెరూన్ దేశాలకు చెందిన ఒక చిన్న మంచినీటి చేప. దీనిని 1911లో బౌలెంజర్ అనే శాస్త్రవేత్త తొలిసారి వర్ణించాడు. "కిల్లి" అన్న మాటకు ఇంగ్లీషులో చంపుట అనే అర్థమున్న పదంతో సంబంధం లేదు. చిన్న కాలువ అనే అర్థం గల డచ్చి పదం "కిల్" నుండి ఇది వచ్చినదని చెబుతారు. ఇంటి అక్వేరియంలో గుడ్లు పెట్టించి పిల్లలను పెంచడానికి కిల్లి చేపలలో ఇది సులువైన జాతి.

లక్షణాలు

మగచేప సుమారు 6 సెం.మీ. పెరుగుతుంది. నీలం, ఆకుపచ్చ కలిసిన మెరుపు దేహంపై ఎర్రని చుక్కలు, వాజాల అంచున పసుపు పట్టీలు ఉంటాయి. ఆడచేప చిన్నది, గోధుమవన్నెది.

తొట్టి

20 లీటర్ల తొట్టి చాలును. మగచేప విడువక తరుముతుంది కనుక ఒక మగచేపకు రెండు ఆడచేపలను ఉంచి, దాగుకొనుటకు నీటిమొక్కలు వేయవలెను. నీరు 22-26 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉండుట మేలు. మన వేసవిలో ఇదే కష్టమైన పని. ఈ చేపలు చిన్న సందు దొరికినా బయటకు దూకుతాయి. కాబట్టి మూత తప్పనిసరి.

గుడ్లు, పొదుగుట

ప్రకృతిలో ఇవి మొక్కల నడుమ గుడ్లు పెడతాయి. తొట్టిలో మొక్కలకు బదులు ఆక్రిలిక్ నూలు కుచ్చును బెండుకు కట్టి తేలవేస్తారు. ఆడచేప అన్ని గుడ్లను ఒకేసారి పెట్టదు, రోజుకు కొన్ని చొప్పున పెడుతుంది. గుడ్డు సుమారు ఒకటిన్నర మి.మీ. ఉంటుంది, వేళ్ళతో తీసినా చితకనంత గట్టిది. గుడ్లను వెంటనే వేరు చేయవలెను, లేకపోతే పెద్ద చేపలు తినవచ్చును.

తీసిన గుడ్లను చిన్న గిన్నెలో నిస్సారమైన నీటిలో ఉంచితే రెండు, మూడు వారాలలో పొదుగుతాయి. తెల్లబడిన గుడ్లకు బూజు పట్టి పక్కవాటికి పాకుతుంది, వాటిని రోజూ ఏరివేయవలెను. మరొక పద్ధతిలో గుడ్లను తడి పీట్‌లో గానీ, ఉడికించి పిండిన కొబ్బరి పొట్టులో గానీ కలిపి, పాలిథీన్ సంచిలో మూడు, నాలుగు వారాలు ఉంచి, తరువాత నీటిలో వేస్తారు. సంచిలో గుడ్లు టపాలో కూడా ప్రయాణించగలవు. కిల్లి చేపలు దేశదేశాల పెంపకందారులకు చేరినది చాలావరకు ఇలాగే.

లోపల పిల్ల కన్ను స్పష్టంగా కనిపించినా గుడ్డు పగలకపోతే, కొందరు గుడ్లను నీటితో చిన్న సీసాలో పోసి జేబులో వేసుకొని తిరుగుతారు. వింతగా తోచినా ఆ కదలికకు పిల్లలు బయటపడుట తరచు జరుగుతుంది. మరీ ఆలస్యమైతే ఈదలేక అడుగున పాకే పిల్లలు పుడతాయి. అవి బ్రతుకుట అరుదు.

పిల్లల పెంపకం

పిల్లలు పుట్టిన రోజునుండే రొయ్యల హేచరీలలో వాడే ఆర్టీమియా పిల్లలను తింటాయి. మిగిలిన మేత కుళ్ళకుండా నీటిని కొద్దికొద్దిగా మార్చవలెను. పెద్దవి చిన్నవాటిని తింటాయి కనుక పరిమాణాన్ని బట్టి వేరు చేయాలి. మూడు, నాలుగు నెలలలో ఇవి గుడ్లు పెట్టే వయసుకు వస్తాయి.

వంశ శుద్ధి

అకూరే, ఎన్‌సుక్కా, మిసాజే వంటి వేర్వేరు చోట్ల చేపలకు రంగులలో తేడాలున్నవి. మగచేపలను చూసి కొంతవరకు గుర్తించవచ్చును గానీ, ఆడచేపలు దాదాపు ఒకేలా ఉంటాయి. రెండు చోట్ల ఆడచేపలు ఒక తొట్టిలో కలిస్తే వాటిని తిరిగి వేరు చేయుట అసాధ్యం. అందుకే శ్రద్ధగల పెంపకందారులు తొట్టిపై జాతి పేరుతోపాటు సేకరించిన ఊరి పేరు కూడా వ్రాసి, ఊరు తెలియని చేపను మరొక వంశంతో కలపరు.