కాగితం భర్త పేర, కాపురం భార్యది

పోయిన ఉగాదికి ముందు ఒక ఆదివారం ఉదయం, దేవనహళ్ళిలో మా యింటికి రెండు వీధుల అవతల కాపురముండే ఒకామె చేతిలో కాగితం పట్టుకొని వచ్చింది. ఆఫీసు గుమాస్తాను గనుక ఇంగ్లీషు కాగితాలన్నీ నాకు తెలుసునని మా పేటలో ఒక నమ్మకం. "అన్నా, దీంట్లో ఏం రాసినారో చూడన్నా" అన్నది.

అది ఇంటి యజమాని పంపిన నోటీసు. పదిహేను రోజులలో ఇల్లు ఖాళీ చేయవలెనట. అందులోని పేరు ఆమెది కాదు, భర్తది. ఆ మహానుభావుడు ఎనిమిది నెలల క్రిందటే పెళ్ళాం బిడ్డలను వదలి వెళ్ళిపోయినాడు. ఆరున్నర వేల బాడిగ ఆమె కుట్టుపని చేసి కడుతూనే ఉన్నది. "అగ్రిమెంటు నీ మగనితో. నీవెవరో నాకు తెలీదు" అన్నాడట యజమాని. మరునాడే నీళ్ళ మోటారు గదికి తాళం పడింది.

2008 మే నెలలో విమానాశ్రయం తెరచింది మొదలు మా వూరి బాడిగలకు పగ్గం లేదు. పాత కాపురం కదిలితే కొత్త కాపురం ఎక్కువ ఇచ్చును గదా!

మొదట కర్ణాటక బాడిగ చట్టం చూచాను. 1999 నాటిది, 2001 డిసెంబరు 31న అమలులోకి వచ్చింది. చదువుతుంటే ప్రాణం లేచి వచ్చింది. బాడిగ బాకీపడినా, నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగవలె. అద్దెదారు చనిపోతే, అతనితో కలిసి అతనిపై ఆధారపడి ఉన్న భార్యకు అయిదేండ్ల వరకు ఆ హక్కు సంక్రమిస్తుంది. నీరు, దీపం ఆపకూడదు. తీరా చూస్తే నగరాలలో నెలకు 3,500, ఇతర చోట్ల 2,000 రూపాయలు దాటిన ఇళ్ళకు ఆ చట్టం వర్తించదు! ఈ రోజుల్లో ఆ బాడిగకు గొడ్లకొట్టమైనా దొరుకునా? దొరికినా, చనిపోయినవాని భార్యకు చెప్పిన అండ పారిపోయినవాని భార్యకు అందులో కనబడలేదు.

ఇక మిగిలినది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెలవారీ బాడిగకు పదిహేను రోజుల నోటీసు చాలునంటుంది. అయితే గడువు తీరినంత మాత్రాన సామాను వీధిలో వేసే అధికారం యజమానికి రాదు. కోర్టు డిక్రీ కావలె. బలవంతంగా వెళ్ళగొడితే, 1963 నాటి చట్టం ప్రకారం ఆరు నెలల లోపల దావా వేసి తిరిగి ఇల్లు చేరవచ్చును.

ఆమెకు సరిపోయిన మాట సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. అదీ మన బెంగుళూరు కేసులోనే. భర్త బాడిగకు తీసుకొన్న కాపురపు ఇంటిలో, అతడు వదలిపెట్టిన భార్య ఉంటే, అతడు కేసు పట్టించుకోనప్పుడు ఆమె తానే నిలిచి వాదించవచ్చు నన్నారు. భర్తకున్న హక్కులే ఆమెకు, అంతకు మించి లేవు. విడాకులైతే అదీ లేదు, ఒప్పందంలో ఇంటి మాట వ్రాసుకొంటే తప్ప. ఆ కేసులోని ఇల్లాలు అక్కడే ఓడిపోయినది. సోదరీమణులు సంతకం పెట్టేముందు ఆ పంక్తి చూచుకోవలె.

అదే యేడు వచ్చిన గృహహింస చట్టం ఇంటి బాడిగకు డబ్బివ్వక ఎండగట్టడాన్ని కూడా హింసగానే లెక్కించింది. వేరే ఇల్లు చూపమనో, బాడిగ కట్టమనో భర్తను మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. భర్త జాడ తెలియనప్పుడు ఎవరిని ఆదేశిస్తారని మీరడుగుతారు. ఆమె కూడా అదే అడిగింది.

అమెరికాలో బీదవారికి సర్కారు బాడిగలో కొంత భరించే పద్ధతి 1974 నుండి ఉన్నది. ఆ సహాయం తీసివేయాలంటే కారణం వ్రాసి పంపి, కుటుంబం కోరితే వాదన వినవలె. భర్త చేతిలో దెబ్బలు తిన్నదన్న సాకుతో భార్య సహాయం తెంచరాదని 2005 నాటి చట్టంతో చేర్చారు. మన దగ్గర అటువంటి సహాయమే లేదు గనుక పోలిక అంతటితో సరి.

స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉన్నది. 1987 నాటి చట్టం. మరునాడు సెలవు పెట్టి ఆమెను తాలూకా కోర్టులోని ఆ సమితి వద్దకు తీసుకుపోయాను. ప్లీడరుగారు అడిగిన మొదటి మాట, "బాడిగ కట్టిన రుజువేది?" అదృష్టం, ఎనిమిది నెలలూ ఫోను నుండే కట్టింది. జవాబు నోటీసు వెళ్ళిన మూడవనాడు మోటారు గది తాళం తెరిచారు.

యజమాని ఇప్పుడు ఆమె పేరనే అగ్రిమెంటు వ్రాసి ఇచ్చినాడు, బాడిగ మరో అయిదువందలు పెంచి, పదకొండు నెలలకు.