ఒక్కమారు చెప్పిన సలహా

లండను నగరమున మాడ్‌స్లీ వైద్యశాలలో పనిచేసిన మనోవైద్యుడు గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ తన పరిశోధనను త్రాగుడు మొదలగు వ్యసనముల చికిత్సకే వినియోగించెను. 1967లో అచటి మనోవైద్య విద్యాసంస్థయందు వ్యసన పరిశోధన విభాగమును నెలకొల్పెను. త్రాగుడు కేవలము శీలదోషము కాదనియు, తీవ్రతలో హెచ్చుతగ్గులు గల రోగలక్షణ సముదాయమనియు 1976లో మిల్టన్ గ్రాస్‌తో కలసి వివరించెను. వీనికంటెను, 1977లో సహచరులతో ప్రకటించిన పరీక్ష మాకు విశేషముగా తోచుచున్నది. ఏలయన, ఆయన పరీక్షకు నిలిపినది తన వైద్యశాలలో నిత్యము జరుగు చికిత్సనే.

త్రాగుడుకు లోబడిన వివాహిత పురుషులను నూరుమందిని తీసికొనిరి. మొదట వారిని, వారి భార్యలను గంటల తరబడి విచారించిరి. పిమ్మట చీట్లు వేసినట్లు రెండు తెగలుగా విభజించిరి. ఒక తెగవారికి వైద్యుని దర్శనములు, మందులు, అవసరమైనచో ఆసుపత్రిలో నివాసము, భార్యకు సంఘసేవకురాలి తోడు, ఇట్లు ఏ లోపమును లేకుండ జరిపిరి. రెండవ తెగ దంపతులను ఒక్కమారు కూర్చుండబెట్టి, త్రాగుడు పూర్తిగా మానవలెననియు, ఆ భారము మీదియే యనియు చెప్పి పంపిరి. నెలకొకమారు భార్యవలన సమాచారము మాత్రము తెలిసికొనుచుండిరి.

ఏడాది గడచిన పిమ్మట రెండు తెగల నడుమ చెప్పుకొనదగిన భేదము కనబడలేదు!

ఇక చికిత్సయే వ్యర్థమనువారు తొందరపడుచున్నారని మా అభిప్రాయము. ఆ సలహా దారిని పోవువాడు విసరిన మాట కాదు. చెప్పుటకు ముందు వినిరి, భార్యను ప్రక్కన నుంచుకొనిరి, నెలనెల కనుగొనిరి. మన ఇండ్లలో బిడ్డ తలపై చేయి పెట్టించి ఒట్టు వేయించుకొనునపుడు ఈ వినుట సాధారణముగా ఉండదు. మరియు ఆ నూరుగురును ఇల్లు, ఇల్లాలు గలవారు. ఒంటరివారి సంగతి, స్త్రీల సంగతి ఈ పరీక్ష చెప్పజాలదు.

అందరికిని దీర్ఘచికిత్స అక్కరలేనిచో, ఆసుపత్రి మంచములు నిజముగా కావలసినవారికి దక్కును. అట్టివారు లేకపోలేదు. చిరకాలము విపరీతముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము కూడ సంభవింపవచ్చును. వానికి సలహాకంటె ముందు వైద్యుడు కావలెను.

ఎడ్వర్డ్స్ 1978 మొదలు 2004 వరకు వ్యసనశాస్త్ర పత్రికకు సంపాదకుడుగా నుండి, 2012లో కాలధర్మము నొందెను. త్రాగువారిని ముందుగా గుర్తించుటకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పది ప్రశ్నల పట్టికను సిద్ధపరచెను. దానిని అడుగుటకు మనోవైద్యుడే కానక్కరలేదు. ఊరి ఆసుపత్రిలోని నర్సు చాలును.