అప్‌డేట్ వల్ల పరికరం ఆగిపోతే: తయారీదారు బాధ్యత

ఫోను, టీవీ, రౌటర్, ప్రింటర్ వంటి పరికరాల యంత్రభాగాలను నడిపించే అంతర్గత ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. తయారీదారు దీన్ని ఇంటర్నెట్ ద్వారా ఎప్పటికప్పుడు మార్చవచ్చు. అంటే అమ్మకం పూర్తయ్యాక కూడా వస్తువుపై అతనికి కొంత అదుపు ఉంటుంది. ఆ మార్పు వికటిస్తే నష్టం ఎవరు భరించాలి? ఈ భాగంలో తెలుసుకుందాం.

ఉదాహరణ

మీరు కోట్‌పల్లిలో నివసిస్తూ తాండూరులో ఫోను కొన్నారనుకోండి. 14 నెలల తరువాత కంపెనీ పంపిన అప్‌డేట్ చేయగానే ఫోను ఆగిపోయింది. వారంటీ ముగిసింది కాబట్టి మరమ్మతు ఖర్చు మీదేనని సర్వీస్ సెంటర్ వారు చెప్పారు.

ఏ నిబంధన వర్తిస్తుంది?

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 6వ అధ్యాయం ‘ఉత్పత్తి బాధ్యత’ను వివరిస్తుంది. చాలామంది మొదట దీన్నే ఆశ్రయించాలనుకుంటారు. అయితే సెక్షన్ 2(22) ప్రకారం, ఈ అధ్యాయం సందర్భంలో ‘హాని’ అంటే ఆ వస్తువుకే కలిగిన నష్టం కాదు. ఫోను పేలి మీకు గాయమైతే ఈ అధ్యాయం వర్తిస్తుంది. ఫోను మాత్రమే ఆగిపోతే వర్తించదు.

కాబట్టి మీ ఫిర్యాదుకు ఆధారం సెక్షన్ 2(10)లోని ‘లోపం’. చట్టం ప్రకారం గాని, ఒప్పందం ప్రకారం గాని వస్తువుకు ఉండవలసిన నాణ్యతలో కొరతే లోపం. అప్‌డేట్ ఉచిత సేవ అని తయారీదారు వాదించవచ్చు. ఉచిత సేవలు చట్టంలోని ‘సేవ’ నిర్వచనంలోకి రావు. కానీ మీరు డబ్బు చెల్లించి కొన్న ఫోనులో ఫర్మ్‌వేర్ ఒక భాగమని, దాని లోపం ఫోను లోపమేనని మీరు బదులు చెప్పవచ్చు.

నియంత్రణ సంస్థల చర్యలు

2018 అక్టోబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ యాపిల్‌కు కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోల జరిమానా విధించింది. పాత ఫోన్లు తట్టుకోలేని అప్‌డేట్‌లను, తగిన సమాచారం ఇవ్వకుండా చేయించుకునేలా చేశారన్నది ప్రధాన ఆరోపణ. మన దేశంలో 2025 జనవరిలో, ఐఓఎస్ 18 అప్‌డేట్ తరువాత ఐఫోన్లలో సమస్యలు వచ్చాయన్న ఫిర్యాదులపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ యాపిల్‌కు నోటీసు ఇచ్చింది.

మీరు చేయవలసినవి

1. బిల్లు, అప్‌డేట్ తేదీ, వెర్షన్ సంఖ్య, సర్వీస్ సెంటర్ జాబ్ షీటు భద్రపరచండి.
2. కంపెనీకి లిఖితపూర్వకంగా తెలపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.
3. పరిష్కారం దొరకకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా, సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు.
4. గడువు 2 సంవత్సరాలు. దీన్ని కొన్న తేదీ నుండి కాక, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన తేదీ నుండి లెక్కిస్తారు.

అవసరమైతే కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపుతుంది. లోపం రుజువైతే మరమ్మతు, మార్పిడి, ధర వాపసు, నష్టపరిహారాలకు ఆదేశించవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

అప్‌డేట్ వల్ల ఒకరి రౌటర్ ఆగిపోయింది. మరొకరి ఛార్జర్ కాలి ఇంటికి నిప్పంటుకుంది. వీరిలో ఎవరికి 6వ అధ్యాయం వర్తిస్తుంది? ఎందుకు?