తెరపై రగ్బీ: అభిమాని తీర్పుకు కొలమానం ఏది?

క్రీడా చిత్రాల చరిత్రలో బాక్సింగుకు దక్కిన ప్రాముఖ్యం రగ్బీకి ఏనాడూ దక్కలేదు. బాక్సింగు బరిలో ఉండేది ఇద్దరే కాబట్టి వారి ముఖాలు, దెబ్బలు, అలసట అన్నీ కెమెరాకు తేలికగా చిక్కుతాయి. రగ్బీలో ముప్పై మంది ఒకే బంతి కోసం పెనుగులాడుతుండగా, సరిగ్గా కీలకమైన సమయంలోనే ఆ బంతి దేహాల గుట్ట కింద కనిపించకుండా పోతుంది. ఆట తెలియని ప్రేక్షకుడికి ఏం జరుగుతున్నదో అర్థం కావాలి, ఆట తెలిసిన అభిమానికి జరుగుతున్నది నిజమనిపించాలి. ఈ రెండు అవసరాల మధ్య రూపొందిన రగ్బీ చిత్రాలను అభిమానులు ఏ ప్రమాణాలతో తూస్తారో పరిశీలిస్తే, క్రీడా చిత్రాలన్నిటి మీదా వెలువడే తీర్పుల వెనుక ఉన్న తర్కం బోధపడుతుంది. పైకి ఆ తీర్పులు చిన్నచిన్న పొరపాట్లను ఏరే పనిలా కనిపించినా, వాటికి మూలమైన ప్రశ్న ఒకటే: తెర మీద చూపిన గెలుపోటములకు కారణం ఆటలో ఉందా, ఆటకు బయట ఉందా?

ఆట నియమాలు, కెమెరా ఇబ్బందులు

రగ్బీ యూనియన్ అని పిలిచే ప్రధాన రూపంలో ఒక్కో జట్టుకు పదిహేను మంది ఉంటారు, ఆట 80 నిమిషాలు సాగుతుంది. బంతిని చేత్తో ముందుకు విసరడానికి వీల్లేదు. పక్కకో వెనక్కో అందించాలి, ముందుకు వెళ్లాలంటే దాన్ని పట్టుకుని పరుగెత్తాలి లేదా కాలితో తన్నాలి. ప్రత్యర్థి గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనించడాన్ని ట్రై అంటారు. దానికి 5 పాయింట్లు, ఆ వెంటనే గోల్ స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నగలిగితే మరో 2 పాయింట్లు వస్తాయి. ప్రత్యర్థి తప్పిదానికి లభించే పెనాల్టీని గోలుగా మలిస్తే 3 పాయింట్లు. ఆట సాగుతుండగానే బంతిని నేల మీదికి వదిలి, అది పైకి లేస్తున్నప్పుడు తన్ని సాధించే డ్రాప్ గోల్‌కు కూడా 3 పాయింట్లే. చిన్న తప్పు తరువాత ఆటను తిరిగి మొదలుపెట్టడానికి రెండు జట్లలోనూ ఎనిమిదేసి మంది భుజాలు కలిపి, తలలు వంచి, ఎదురెదురుగా నెట్టుకోవడం స్క్రమ్. ప్రత్యర్థి పట్టుకు ఒక ఆటగాడు కింద పడినప్పుడు, నేల మీద ఉన్న బంతి కోసం ఇరుపక్షాల వారు నిలబడి నెట్టుకోవడం రక్.

టెలివిజన్ ప్రసారంలో ప్రధాన కెమెరా ఎత్తులో, మైదానానికి పక్కగా ఉంటుంది కాబట్టి, రక్షణ వరుసలో ఖాళీ ఎక్కడ ఏర్పడింది, బంతి అక్కడికి ఎన్ని చేతులు మారి చేరింది అన్న విషయాలు వీక్షకుడికి ఒక్క చూపులో తెలుస్తాయి. సినిమా కెమెరా మాత్రం మైదానంలోకి దిగి, ఆటగాడి కంటి ఎత్తున నిలబడి, ఊపిరినీ చెమటనూ ఎముకల తాకిడినీ పట్టుకోవాలని చూస్తుంది. అందువల్ల దెబ్బ బలం తెలుస్తుంది గానీ ఆట అమరిక చెదిరిపోతుంది. కబడ్డీలో కూతకు వెళ్లిన ఆటగాడు ఎందుకు చిక్కాడో తెలియాలంటే అతని ముఖం ఒక్కటీ చూస్తే చాలదు, అతని చుట్టూ ఎదుటి జట్టు ఎలా మోహరించిందో కనిపించాలి, రగ్బీలోనూ అంతే. అభిమానుల తొలి ఫిర్యాదు సాధారణంగా ఇక్కడే పుడుతుంది: దగ్గరి దృశ్యాలను ముక్కలుగా కోసి, నెమ్మది చలనంలో అతికించినప్పుడు ట్రై ఫలితంగా కనిపిస్తుందే తప్ప, అది ఎలా సాధ్యమైందో కనిపించదు.

ఇన్విక్టస్: స్కోరు నిజం, కారణం సగం

రగ్బీ నేపథ్యంగా వచ్చిన చిత్రాల్లో ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది క్లింట్ ఈస్ట్‌వుడ్ దర్శకత్వంలో 2009లో విడుదలైన ఇన్విక్టస్. జాన్ కార్లిన్ రాసిన పుస్తకం ఆధారంగా తీసిన ఈ చిత్రంలో నెల్సన్ మండేలాగా మోర్గాన్ ఫ్రీమన్, దక్షిణాఫ్రికా జట్టు కెప్టెన్ ఫ్రాన్స్వా పియెనార్‌గా మాట్ డేమన్ నటించి, ఇద్దరూ ఆస్కార్ ప్రతిపాదనలు పొందారు. వర్ణవివక్ష కారణంగా 1987, 1991 ప్రపంచ కప్పులకు దూరమైన దక్షిణాఫ్రికా 1995లో ఆతిథ్య దేశంగా బరిలోకి దిగడం, నల్లజాతి ప్రజలు తెల్లవారి పెత్తనానికి గుర్తుగా చూసిన స్ప్రింగ్‌బాక్ చిహ్నాన్ని రద్దు చేయకుండా మండేలా కాపాడటం, ఫైనల్ రోజున ఆయన పియెనార్ ధరించే ఆరో నంబరు జెర్సీతో మైదానంలోకి రావడం ఈ కథకు ఆయువుపట్టు.

1995 జూన్ 24న జొహన్నెస్‌బర్గ్‌లోని ఎల్లిస్ పార్క్‌లో జరిగిన ఆ ఫైనల్‌ను యథాతథంగా తెరకెక్కించడం ఏ దర్శకుడికైనా కష్టమే, ఎందుకంటే అందులో ఒక్క ట్రై కూడా లేదు. నిర్ణీత సమయం ముగిసేసరికి స్కోరు 9–9. అదనపు సమయంలో జోయెల్ స్ట్రాన్‌స్కీ సాధించిన డ్రాప్ గోల్‌తో దక్షిణాఫ్రికా 15–12 తేడాతో న్యూజీలాండ్‌ను ఓడించింది. దక్షిణాఫ్రికా పాయింట్లన్నీ స్ట్రాన్‌స్కీ కాలి నుంచి, న్యూజీలాండ్ పాయింట్లన్నీ ఆండ్రూ మెహర్టెన్స్ కాలి నుంచి వచ్చాయి. సినిమా సంప్రదాయం ప్రకారం చివరి నిమిషంలో కథానాయకుడు గీత దాటి దూకితే హాలు దద్దరిల్లుతుంది. ఈస్ట్‌వుడ్ ఆ ఆకర్షణకు లొంగకుండా నిజమైన స్కోరునే నిలుపుకున్నందుకు అభిమానులు ఆ చిత్రానికి ఒక గౌరవం ఇచ్చారు.

ఆ గౌరవంతో పాటే అసంతృప్తి కూడా ఉంది. సెమీఫైనల్‌లో ఇంగ్లండ్‌పై నాలుగు ట్రైలు సాధించి, అడ్డొచ్చిన వారిని తొక్కుకుంటూ పోయిన ఇరవై ఏళ్ల న్యూజీలాండ్ ఆటగాడు జోనా లోమును ఫైనల్‌లో ఒక్క ట్రై కూడా చేయనివ్వకపోవడమే దక్షిణాఫ్రికా విజయానికి పునాది. అతనికి బంతి అందే దారులను మూసేయడం, అందినా పరుగు వేగం పుంజుకోకముందే ఒకరి వెంట ఒకరు మీద పడటం ఆటకు సంబంధించిన కారణాలు. చిత్రం లోము చుట్టూ ఏర్పడిన ఒత్తిడిని చూపినప్పటికీ, గెలుపు బరువును ప్రధానంగా మండేలా ఇచ్చిన ప్రేరణ మీదికి మళ్లించింది. ప్రేరణ జట్టును మైదానం వరకు నడిపిస్తుంది గానీ లోమును పడగొట్టాల్సింది ఆటగాడి భుజమే అని ఆట తెలిసినవారి అభ్యంతరం. ఫైనల్‌కు ముందు న్యూజీలాండ్ ఆటగాళ్లలో పలువురు అస్వస్థతకు గురయ్యారు, ఆ ఉదంతంపై వివాదం చాలాకాలం నడిచింది. చిత్రం దాని జోలికి పోలేదన్నది ఆ దేశపు అభిమానుల ప్రత్యేక ఆక్షేపణ.

చిత్రం చేసిన ఇతర మార్పుల విషయంలో అభిమానుల వైఖరి భిన్నంగా ఉంటుంది. తెర మీద మండేలా పియెనార్‌కు ఇచ్చేది చిత్రానికి పేరైన కవిత. వాస్తవంలో ఇచ్చింది అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రసంగంలోని ఒక భాగం. మైదానం మీదుగా విమానం ఎగరడాన్ని చిత్రం భద్రతా సిబ్బందిని హడలెత్తించిన అనూహ్య ఘటనగా చూపింది. నిజానికి అది ముందుగా అనుకున్న ప్రదర్శన. పియెనార్ ఆరడుగులు దాటిన భారీ దేహదారుఢ్యం గలవాడు, డేమన్‌ది ఆ ఎత్తు కాదు. వీటన్నిటినీ అభిమానులు గుర్తిస్తారు, ఎత్తి చూపుతారు, ఎక్కువమంది క్షమిస్తారు. చెస్టర్ విలియమ్స్ విషయంలో లేవనెత్తే ప్రశ్న మాత్రం ఇంకా లోతైనది. ఆ జట్టులో శ్వేతజాతీయేతరుడైన ఏకైక ఆటగాడిగా నిలిచి, చిత్రీకరణ సమయంలో నటులకు రగ్బీ నేర్పిన ఆయన, జట్టు సహచరుల నుంచి జాతి దూషణలు ఎదురయ్యాయని 2002లో వెలువడిన తన జీవితకథలో వెల్లడించారు. సయోధ్య సంపూర్ణమైనట్టు ముగిసే చిత్రంలో ఆ చేదుకు చోటు దొరకలేదు. వివరాల మార్పు కథ సౌలభ్యం కోసం జరిగితే సరిపెట్టుకునే ప్రేక్షకుడికి, ఆటగాడి అనుభవాన్నే తుడిచివేసినప్పుడు సరిపెట్టుకోవడం కష్టం.

గెలుపు అక్కరలేని చిత్రం

ఈ కొలమానానికి మరో కొసన నిలిచేది లిండ్సే ఆండర్సన్ దర్శకత్వంలో 1963లో వచ్చిన బ్రిటిష్ నలుపు-తెలుపు చిత్రం దిస్ స్పోర్టింగ్ లైఫ్. ఇందులోని ఆట రగ్బీ లీగ్. పని మానుకుని ఆడే కార్మికులకు కోల్పోయిన కూలిని చెల్లించాలా వద్దా అన్న తగాదాతో 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు ప్రధాన సంఘం నుంచి విడిపోయాయి. పదమూడు మంది ఆడే లీగ్ రూపం ఆ చీలిక నుంచే క్రమంగా ఏర్పడింది. యూనియన్ రూపం 1995 వరకు వేతన క్రీడను అధికారికంగా అంగీకరించలేదు. కనుక లీగ్ ఆటగాడి కథ చెప్పడమంటే శ్రామికుడి దేహానికి కట్టిన వెల గురించి చెప్పడమే. గని పని నుంచి వచ్చిన ఫ్రాంక్ మేచిన్ పాత్రలో రిచర్డ్ హారిస్ నటించి, కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా ఎంపికయ్యారు. మూల నవలనూ చిత్రానువాదాన్నీ రాసిన డేవిడ్ స్టోరీ స్వయంగా లీడ్స్ క్లబ్బు తరఫున ఆడినవాడు కావడం, చిత్రీకరణ వేక్‌ఫీల్డ్ క్లబ్బు మైదానంలో జరగడం ఆ దృశ్యాలకు బలాన్నిచ్చాయి.

మ్యాచ్‌లో మేచిన్ ముందు పళ్లు విరగడంతో కథ మొదలై, దంతవైద్యుడు మత్తు ఇచ్చిన స్థితిలో అతని గతం గుర్తుకు రావడంగా సాగుతుంది. ఏ మ్యాచ్ ఎవరు గెలిచారన్నది ఈ చిత్రానికి ముఖ్యం కాదు. బురదలో కూరుకుపోయే కాళ్లు, స్క్రమ్ లోపలి ఉక్కిరిబిక్కిరి, మైదానంలో పనికొచ్చిన మొండితనం ఇంట్లో మాటగా, ప్రేమగా మారలేకపోవడం మాత్రమే చిత్రానికి కావాలి. మైదానంలోని మనిషే ఇంటికీ వస్తాడు కాబట్టి ఆటకూ జీవితానికీ మధ్య అతుకు కనిపించదు. ఉత్కంఠభరితమైన ఫైనల్ లేకపోయినా రగ్బీ అభిమానులు దీన్ని నేటికీ ఉన్నతంగా తలచుకోవడానికి కారణం, పాత్రకు జరిగే ప్రతిదానికీ మూలం ఆటలోనే దొరకడం.

తెలుగులో రగ్బీ, ఒడిశా పిల్లల కథ

తెలుగు ప్రేక్షకులకు రగ్బీని పరిచయం చేసిన చిత్రం ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2004లో విడుదలైన సై. నితిన్, జెనీలియా, శశాంక్ ప్రధాన పాత్రల్లో, ప్రదీప్ రావత్ ప్రతినాయకుడిగా, రాజీవ్ కనకాల శిక్షకుడిగా నటించిన ఈ చిత్రంలో, పరస్పరం కలహించుకునే రెండు విద్యార్థి వర్గాలు తమ కళాశాల స్థలాన్ని కబ్జాదారు నుంచి దక్కించుకోవడానికి ఒకే జట్టుగా మారి రగ్బీ ఆడతాయి. ఆట పేరు కూడా వినని ప్రేక్షకులు అత్యధికంగా ఉన్న చోట ఈ కథ చెప్పాలంటే ముందు ఆటను నేర్పాలి. ఆ పనిని చిత్రం కథలో కలిపి చేయించింది, జట్టు తయారవుతున్న కొద్దీ ప్రేక్షకుడూ ఆటలోకి ప్రవేశిస్తాడు. పోటీ దృశ్యాల్లో నియమాల కంటే దెబ్బలకే ఎక్కువ చోటు దక్కిందని రగ్బీ తెలిసినవారు ఆక్షేపించవచ్చు. అయినా, పక్కవాడిని నమ్మకుండా వెనక్కి బంతి అందించలేని ఆటను ఎంచుకుని, పొసగని రెండు వర్గాలను ఒకే వరుసలో నిలబెట్టడం వల్ల ఐక్యత అన్న కథాంశం ఆట స్వభావం నుంచే పుట్టింది. అదే కథను వేరే ఆటతో చెప్పి ఉంటే ఆ బిగువు వచ్చేది కాదు.

2022లో విడుదలైన జంగిల్ క్రై వాస్తవ ఘటన మీద ఆధారపడినది. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో చదివే ఆదివాసీ బాలురు కొద్ది నెలల శిక్షణతో 2007లో లండన్ వెళ్లి, పద్నాలుగేళ్ల లోపు వారి అంతర్జాతీయ పోటీలో విజేతలయ్యారు. సాగర్ బళ్లారి దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రంలో అభయ్ దేవల్ శిక్షకుడి పాత్ర పోషించారు. ఇలాంటి కథను చూసేటప్పుడు అభిమాని ఆశించేది సానుభూతి కంటే ఎక్కువ: అంత తక్కువ కాలంలో ఆ పిల్లలు ఏ నైపుణ్యాన్ని ఎలా అందుకున్నారు, తమకంటే ఏళ్ల తరబడి ముందుగా ఆట నేర్చుకున్నవారిని మైదానంలో ఏ విధంగా మించారు అన్న ప్రశ్నలకు సమాధానం కావాలి. పేదరికం విజయం విలువను పెంచుతుందే తప్ప, విజయం ఎలా వచ్చిందో వివరించదు.

డాక్యుమెంటరీలు పెంచిన పోటీ

నటులతో తీసిన చిత్రాలకు నేడు గట్టి పోటీ నిజమైన దృశ్యాలతో కూర్చిన డాక్యుమెంటరీల నుంచి వస్తోంది. చక్రాల కుర్చీలలో ఆడే రగ్బీపై 2005లో వచ్చిన మర్డర్‌బాల్ ఆస్కార్ ప్రతిపాదన పొందింది. ఆటగాళ్లను దయనీయులుగా చూపడానికి నిరాకరించి, వారి పోటీతత్వాన్నీ పంతాలనూ దాచకుండా చూపినందువల్లే అది నిలిచింది. సియా కొలిసి నాయకత్వంలో దక్షిణాఫ్రికా 2019 ప్రపంచ కప్పు గెలిచిన తీరుపై 2020లో ఆ దేశపు టెలివిజన్‌లో ప్రసారమైన ఛేజింగ్ ది సన్‌లో, శిక్షకుడు రాసీ ఎరాస్మస్ డ్రెస్సింగ్ రూములో జట్టుతో మాట్లాడిన మాటలు, మ్యాచ్ ప్రణాళికలు నేరుగా వినిపిస్తాయి. జట్టు కట్టే నాయకుడి ప్రసంగానికీ మైదానంలో దాని ఫలితానికీ మధ్య ఉన్న మెట్లన్నీ చూసిన ప్రేక్షకుడు, నేపథ్య సంగీతంతో ఆ మెట్లను దాటించే సినిమాను ఇకమీదట అంత సులువుగా అంగీకరించడు.

భారతదేశంలోనూ ఈ ప్రేక్షకుడు మెల్లగా తయారవుతున్నాడు. 2025 జూన్‌లో ముంబయిలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో, జట్టుకు ఏడుగురు చొప్పున ఆడే సెవెన్స్ రూపంలో, హైదరాబాద్ హీరోస్ పేరుతో ఒక జట్టు బరిలోకి దిగింది. సై విడుదలైన రోజుల్లో తెలుగు ప్రేక్షకులలో చాలామందికి రగ్బీ అంటే ఆ సినిమానే. దాన్ని సరిపోల్చి చూడటానికి వారి ముందు వేరే ఆట లేదు. మైదానంలో ఆడే తమ నగరపు జట్టును చూసినవారు రేపటి రగ్బీ చిత్రాన్ని చూసేటప్పుడు పరిస్థితి వేరు. పాత్రల పేర్లు మారినా, సంవత్సరాలు కుదించినా, నటుడి ఎత్తు తగ్గినా వారు సర్దుకుపోతారు. వెనక్కి అందించిన బంతితో జట్టు ముందుకు ఎలా వెళ్లిందో చూపకుండా గెలిపించిన చిత్రానికి మాత్రం వారి నుంచి పూర్తి మార్కులు రావు. ఆ పట్టుదల వల్ల నష్టపోయేది బద్ధకంగా తీసిన చిత్రాలే.